ఎల్క్ వేటకి కస్టమ్ రైఫిల్: పార్టుల కన్నా ముందు అవి కలిసే చోట్లు చూడు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. “నాది తెనాలి, ఇప్పుడు కొలరాడో ఫోర్ట్ కాలిన్స్‌లో ఉద్యోగం, గ్రీన్ కార్డ్ వచ్చింది, వచ్చే అక్టోబర్ సెకండ్ రైఫిల్ సీజన్‌కి మూటాముల్లె వీపున వేసుకుని కొండల్లోకి నడిచెళ్ళి ఎల్క్ వేటాడాలి, అయిదు వేల డాలర్ల దాకా పెట్టగలను, టైటానియం యాక్షన్, కార్బన్ బ్యారెల్, 7 పీఆర్‌సీ అనుకుంటున్నా, స్కోప్‌తో కలిపి ఆరు పౌండ్ల లోపు రావాలి, ఏ కంపెనీవి తీసుకోవాలి?” అని. ఇది చదివే మిగతావాళ్ళ కోసం: ఎల్క్ అంటే అమెరికా కొండల్లో తిరిగే పెద్ద దుప్పి, యాక్షన్ అంటే తూటాని లోపలికి తోసి బిగించే భాగం, బ్యారెల్ అంటే గొట్టం, స్టాక్ అంటే భుజానికి ఆనించే పిడి, 7 పీఆర్‌సీ అంటే ఒక రకం తూటా. కంపెనీల పేర్లు చెప్తా, కానీ ముందు ఆ ఆరు పౌండ్లనీ 7 పీఆర్‌సీనీ ఒకే వాక్యంలో రాశావు చూడు, అక్కడ కాసేపు ఆగాలి.

నా సంగతి రెండు ముక్కలు. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది, స్కూల్ సెలవలన్నీ అక్కడే గడిచాయి, డయల్ గేజ్ చదవడం సైకిల్ తొక్కడం కన్నా ముందు వచ్చింది నాకు. తర్వాత పదహారేళ్ళు కొలరాడోలో ఉన్నా, పన్నెండు సీజన్లు కొండెక్కా, మూడు రైఫిళ్ళు కట్టించుకున్నా, మూడో దానికైతే గన్‌స్మిత్ (తుపాకీ మేస్త్రీ) గారి దగ్గరే శని ఆదివారాలు కూర్చుని ప్రతి కట్టూ కళ్ళారా చూశా. ఇప్పుడు తిరిగొచ్చి పటమటలో ఉంటున్నా.

ఆటోనగర్‌లో రిపేరుకొచ్చిన లారీని చూస్తే నీకు ఒకటి అర్థమవుద్ది, ఇనుప పట్టీ నడిమధ్యలో తెగిన బండి చాలా తక్కువ, ఎప్పుడూ బోల్టు దగ్గరో వెల్డింగ్ దగ్గరో యు-క్లాంప్ దగ్గరో, అంటే ఒకదానికి ఒకటి కలిసే చోటే పోద్ది. రైఫిల్ కూడా అంతే. బ్యారెల్ యాక్షన్‌లోకి బిగిసే మర, యాక్షన్ స్టాక్‌లో కూర్చునే చోటు, స్కోప్ బేస్ యాక్షన్ మీద కూర్చునే చోటు, స్టాక్ నీ భుజాన్ని తాకే చోటు, ఈ నాలుగు కూడికలు సరిగ్గా ఉంటే మామూలు పార్టులు పెట్టినా బ్రహ్మాండంగా కొడుద్ది, అవి వదులైతే ఎంత ఖరీదు పార్టులైనా వేస్టే. నీ లిస్టులో పార్టులన్నీ ఉన్నాయి, గన్‌స్మిత్ పనికి ఎంత అని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా మొదటి రైఫిల్‌కి డబ్బంతా పార్టులకే పోసి, స్కోప్ బిగించడం మాత్రం ఒక షాపులో అరగంట పనిలాగా చేయించేశా. కొలరాడో ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్‌లో రెండో రోజు బండల మీద కాలు జారింది, రైఫిల్ ఒక పక్కకి తగిలింది, పెద్ద దెబ్బేం కాదు, గీత కూడా పడలా. సాయంత్రం 280 గజాల్లో మంచి బుల్ (మగ ఎల్క్) నిలబడుంది, బ్యాగ్ మీద ఆనించి స్థిమితంగానే కొట్టా, పైనుంచి పోయింది. అదృష్టం ఏంటంటే పూర్తిగా పోయింది, ఎక్కడా తగల్లేదు, గంటసేపు టార్చి వేసి వెతికా, నెత్తురు చుక్క లేదు. టెంట్‌కొచ్చి చూస్తే బేస్ స్క్రూ వేలితో తిరుగుతోంది! బేస్ కింద నూనె తుడవలా, థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయలా, టార్క్ (బిగింపు ఎంతో) చూడలా. ఆ స్క్రూ నేను ఇంట్లోనే ఒకసారి చూసుకోవాల్సింది. ఆ బుల్లెట్ ఇంకా కిందకి, కడుపులో తగిలుంటే ఆ జంతువు రాత్రంతా చీకట్లో నరకం పడేది, ఆ ఆలోచన ఇప్పటికీ నాకు నిద్రలో వస్తది. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు తూకం తేల్చుకుందాం. నువ్వు ఆరు పౌండ్లు అన్నది బ్యాగ్ బరువు గుర్తొచ్చి, తప్పు లేదు, పది వేల అడుగుల ఎత్తులో ప్రతి వంద గ్రాములూ తెలుస్తది. అయితే తేలిక తుపాకీ రెండు విధాలుగా ఇబ్బంది పెడద్ది, ఒకటి తన్నుడు, అంటే పేలినప్పుడు భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ, రెండోది ఊపిరి ఆడుతుంటే ముందు భాగం నిలకడగా ఉండదు, కొండెక్కి ఆయాసంతో ఉన్నప్పుడు మరీను. నా మాట ఏంటంటే స్కోప్, రింగులు, బెల్టు, మ్యాగజైన్‌లో రౌండ్లు అన్నీ కలిపి ఎనిమిది పౌండ్ల చుట్టుపక్కల పెట్టుకో, అంటే మూడున్నర కిలోల పైచిలుకు. ఒట్టి రైఫిల్ ఆరు, ఆరుంపావు, స్కోప్ రింగులకి ఒకటిన్నర, మిగతాది రౌండ్లూ బెల్టూ. ఆ రెండు పౌండ్లు వేరే చోట తగ్గించుకో, టెంట్‌లోనో, నువ్వు మోసే డబ్బా తిండిలోనో, లేదా ఆగస్టు నుంచి మెట్లెక్కి నీ ఒంట్లోనో. పైగా వేట దొరికితే అసలు బరువు అప్పుడు మొదలవుద్ది, పెద్ద బుల్ దొరికితే ఎముక తీసేసిన మాంసమే తొంభై కిలోల దాకా ఉంటది, మూడు నాలుగు ట్రిప్పులు మొయ్యాలి, ఆ లెక్కలో తుపాకీ ఒక కిలో తగ్గినంత మాత్రాన ఒరిగేదేం లేదు.

ఇప్పుడు తన్నుడు లెక్క. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ తూటా పదమూడు, పద్నాలుగు ఫుట్-పౌండ్లు (దెబ్బ శక్తికి కొలత) తంతది, 6.5 పీఆర్‌సీ పద్దెనిమిది చుట్టూ, థర్టీ ఆట్ సిక్స్ ఇరవై రెండు, 7 పీఆర్‌సీ ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఇవి మామూలు ఫ్యాక్టరీ లోడు బరువు, వేగం పట్టి నేను వేసిన ఇంచుమించు లెక్కలు. అదే 7 పీఆర్‌సీని ఆరు పౌండ్ల దాంట్లో పెడితే ముప్పై అయిదు దాకా పోద్ది. కొత్తగా నేర్చుకునేవాడు ఇరవై దాటితే కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ గుంజడం మొదలుపెడతాడు, వాడికే తెలీదు గుంజుతున్నట్టు. ఒకసారి ఆ అలవాటు పడితే పోగొట్టడానికి రెండేళ్ళు పడుద్ది. మజిల్ బ్రేక్ (గొట్టం చివర గ్యాస్‌ని పక్కలకి తోసే ముక్క) పెడితే తన్నుడు బాగా తగ్గుద్ది కానీ ఆ చప్పుడు చెవుల్ని పాడు చేస్తది, వేటలో ఇయర్ ప్లగ్ పెట్టుకునే టైమ్ ఉండదు చాలాసార్లు, పక్కనున్న నీ ఫ్రెండ్ చెవులూ పోతాయి. సప్రెసర్ (గొట్టం చివర బిగించే సైలెన్సర్) అయితే చప్పుడూ తన్నుడూ రెండూ తగ్గుతాయి, కొలరాడోలో దాంతో వేట చట్టబద్ధమే, 1934 నుంచీ ఉన్న రెండొందల డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, రిజిస్ట్రేషన్, అప్రూవల్ మాత్రం ఎప్పట్లాగే ఉన్నాయి. ఇప్పుడు కొనకపోయినా పర్లేదు, బ్యారెల్ చివర మందం సరిపోతే సప్రెసర్ బిగించే 5/8-24 కొలత మర మాత్రం వేయించుకో, తర్వాత విప్పి మళ్ళీ లేత్ ఎక్కించే ఖర్చు తప్పుద్ది.

కాబట్టి నా సలహా నీకు 6.5 పీఆర్‌సీ. 2018లో హార్నడీ కంపెనీ తెచ్చింది, 143 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ ఫ్యాక్టరీ లెక్కన సెకనుకి 2960 అడుగుల వేగం. 7 పీఆర్‌సీ 2022లో వచ్చింది, 175 గ్రెయిన్ 3000 వేగం, అది గొప్ప కార్ట్రిడ్జ్, నేనేం తక్కువ చేయట్లేదు, రెండు మూడు సీజన్లయ్యాక నువ్వు నాలుగొందల గజాల పైన నిలకడగా కొట్టగలుగుతుంటే అప్పుడు ఆలోచించు. ఇప్పుడు నీ దూరం ఎంత? బెంచ్ మీద కాదు, కొండ మీద, ఆయాసంతో, బ్యాగ్ ఆనించి పడుకుని, తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటులో అయిదుకి అయిదు పడే దూరం ఎంతో అది నీ దూరం. చాలామందికి అది మూడొందల గజాలు దాటదు. మూడొందల గజాల్లో 6.5 పీఆర్‌సీకి మంచి బుల్లెట్ పెడితే ఎల్క్‌కి చాలు. కొలరాడో రూలు కూడా చూసుకో: ఎల్క్‌కి కనీసం 0.24 అంగుళాల క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), కనీసం 85 గ్రెయిన్ల వ్యాకోచించే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి, బ్యారెల్ 16 అంగుళాలకి తగ్గకూడదు, అన్నీ ఇది సులువుగా దాటేస్తది.

బుల్లెట్ గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే జంతువుని తాకేది అదొక్కటే. ఎల్క్ భుజం ఎముక గట్టిది. నేను బాండెడ్ బుల్లెట్ (లోపలి సీసం పై తొడుగుకి అతికించింది) గానీ, నోస్లర్ పార్టిషన్ లాంటిది గానీ, బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ లాంటి పూర్తి రాగి బుల్లెట్ గానీ వాడమంటా. రాగిలో సీసం ముక్కలు మాంసంలో కలిసే బాధ ఉండదు, పిల్లలు తినే ఇంట్లో అది పెద్ద విషయం, కాలిఫోర్నియా అయితే 2019 జులై నుంచి వేటకి సీసం పూర్తిగా ఆపేసింది కూడా. రాగికి తాకేటప్పుడు వేగం కాస్త ఎక్కువ కావాలి, సుమారు 2000 పైన, అందుకని దూరం హద్దులో పెట్టుకోవాలి. నువ్వు ఏ బుల్లెట్ వాడతావో బ్యారెల్ ఆర్డర్ చేసే ముందే తేల్చుకో, ఎందుకంటే ట్విస్ట్, అంటే గొట్టం లోపలి గాళ్ళ మెలిక, దాన్ని బట్టి ఉంటది, 6.5కి 1:8 అంటే ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు, పొడుగు బుల్లెట్లకి అదే సరిపోద్ది.

బ్యారెల్ విషయంలో మనవాళ్ళలో ఒక అపోహ ఉంది, కార్బన్ అంటే తేలిక అని. నిజం ఏంటంటే లోపల సన్నటి స్టీల్ గొట్టమే, చుట్టూ కార్బన్ ఫైబర్ చుడతారు, 24 అంగుళాల కార్బన్ బ్యారెల్ మూడు పౌండ్ల లోపు ఉంటది, అదే పొడవులో సన్నటి స్పోర్టర్ స్టీల్ బ్యారెల్ కూడా ఇంచుమించు అంతే తూగుద్ది. తేడా ఎక్కడంటే అదే బరువులో కార్బన్ది లావుగా, గట్టిగా ఉంటది, చివర సప్రెసర్ బిగించడానికి మందం దొరుకుద్ది. వేటలో మనం కొట్టేది ఒకటి రెండు రౌండ్లు, బ్యారెల్ చల్లగానే ఉంటది. కాబట్టి నీ బడ్జెట్‌లో బార్ట్‌లైన్, క్రీగర్ లాంటి వాళ్ళ కట్ రైఫిల్డ్ (గాళ్ళు కోసి చేసిన) స్టీల్ బ్యారెల్ తీసుకో, కార్బన్ ధరలో సగానికే వస్తది. సప్రెసర్ తప్పకుండా కొంటానంటే ప్రూఫ్ రీసెర్చ్ కార్బన్ కూడా మంచిదే, మోంటానా వాళ్ళది. పొడవు 22 చాలు, సప్రెసర్ పెడతానంటే 20, లేకపోతే ఆస్పెన్ చెట్ల మధ్య నడుస్తుంటే బ్యాగ్ మీద నుంచి పైకి లేచి ప్రతి కొమ్మకీ తగులుకుంటది. అంగుళం తగ్గితే పోయే వేగం పాతిక అడుగుల చుట్టూ, జంతువుకి ఆ తేడా తెలీదు, నీకు మాత్రం ప్రతి కొమ్మ దగ్గరా తెలుస్తది.

ఇక చాంబరింగ్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది కొయ్యడం, అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. బ్యారెల్ బోర్‌ని లేత్‌లో సెంటర్‌కి తెచ్చేటప్పుడు డయల్ గేజ్ ముల్లు ఎంత ఆడుతుందో అడుగు, అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటాం కదా, దానిలో పదో వంతుల్లో మాట్లాడే మనిషి కావాలి నీకు. హెడ్‌స్పేస్‌ని, అంటే బోల్ట్ ముఖం నుంచి తూటా ఆగే చోటు దాకా దూరాన్ని, గో, నో-గో గేజ్‌లతో చూపించమను, నీ ముందే బోల్ట్ (చేత్తో తోసి గది మూసే కడ్డీ) గో మీద మూతపడాలి, నో-గో మీద పడకూడదు. మా నాన్నగారు షాఫ్ట్ తిప్పి ఇచ్చేటప్పుడు కస్టమర్ చేతే గేజ్ పట్టించేవారు, చూసుకో అనేవారు. అలా చూపించడానికి విసుక్కోని గన్‌స్మిత్ దొరికితే ఆయన ఆరు నెలలు ఆగమన్నా ఆగు. నీకు టైమ్ లేదనుకో, ఇప్పుడు కొన్ని యాక్షన్లు ఎంత కచ్చితంగా వస్తున్నాయంటే ముందే చాంబర్ చేసిన ప్రీఫిట్ బ్యారెల్ తెప్పించి బిగించుకోవచ్చు, జెర్మాట్ ఆర్మ్స్ ఆరిజిన్ అలాంటిదే, స్టీల్ యాక్షన్, ధర కూడా అందుబాటులోనే. అప్పుడూ గేజ్‌తో చూసుకోకుండా మాత్రం రౌండు పెట్టొద్దు.

యాక్షన్ అంటే రెమింగ్టన్ 700 ఫుట్‌ప్రింట్‌దే తీసుకో. 1962 నుంచి ఉన్న డిజైను, అసలు రెమింగ్టన్ కొనమని కాదు, ఆ కొలతల్లో చేసిన కస్టమ్ యాక్షన్లు బోలెడు, స్టాకులూ ట్రిగ్గర్లూ అన్నీ దానికే దొరుకుతాయి, పదేళ్ళ తర్వాత ఏదన్నా మార్చాలన్నా ఇబ్బంది ఉండదు. టైటానియం కావాలంటే డిఫయన్స్‌లో ఉంది, లోన్ పీక్ ఫ్యూజన్‌లో ఉంది, రెండూ మంచి పనితనం. తగ్గేది అరపౌండు చిల్లర, పెరిగేది వందల డాలర్లు. నీ అయిదు వేలల్లో ఆ వందలు గన్‌స్మిత్‌కి, స్కోప్‌కి వెళ్ళాలని నా ఉద్దేశం. మూడు విషయాలు మాత్రం గట్టిగా చూడు. ఒకటి, పైన స్కోప్ రైలు (స్కోప్ బిగించే పట్టా) యాక్షన్‌తో కలిపే ఒకే ముక్కగా చెక్కింది దొరికితే వదలొద్దు, నా కథలో స్క్రూ దానికి ఉండదు. విడిగా ఉంటే 6-48 కాకుండా లావుపాటి 8-40 స్క్రూలు, కింద పిన్నులు. రెండు, బోల్ట్‌కీ రిసీవర్‌కీ (బోల్ట్ జారే యాక్షన్ ఒళ్ళు) మధ్య సందు మరీ బిగుతుగా ఉన్నది వద్దు, షాపులో గాజులాగా జారుద్ది, కొండ మీద దుమ్మూ మంచూ పడితే ఇరుక్కుంటది. మూడు, బోల్ట్ ఫేస్ (తూటా అడుగు ఆనే ముఖం), మ్యాగజైన్ పొడవు. పీఆర్‌సీకి 0.532 మ్యాగ్నమ్ ఫేస్ కావాలి, క్రీడ్‌మూర్‌కి 0.473. 6.5 పీఆర్‌సీ రౌండు పొడవు 2.955 అంగుళాల దాకా ఉంటది, మామూలు షార్ట్ యాక్షన్ మ్యాగజైన్‌లో పట్టదు, దానికి తగ్గ మ్యాగజైనే తీసుకోవాలి, చాలామంది అన్నీ కొనేశాక ఇది కనిపెట్టి తల పట్టుకుంటారు. విడిగా ఊడొచ్చే డబ్బా మ్యాగజైన్ వద్దు నీకు, కింద తలుపులా తెరుచుకునే ఫ్లోర్‌ప్లేట్ చాలు, పోగొట్టుకోవడానికి ఏముండదు, చేత్తో మోసేటప్పుడు అడ్డం రాదు.

ట్రిగ్గర్ మీద పెద్ద చర్చ అక్కర్లేదు, ట్రిగ్గర్‌టెక్ గానీ టిమ్నీ గానీ, లాగే బరువు రెండున్నర పౌండ్ల దగ్గర పెట్టు. చలికి వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, రేంజ్ వాళ్ళలా పావు పౌండు ట్రిగ్గర్ కొండ మీద ప్రమాదం. సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, తర్వాత సేఫ్టీ తీస్తే పేలకూడదు, ఖాళీ తుపాకీతో ఈ పరీక్ష కొత్తప్పుడూ, ప్రతి సీజన్‌కి ముందూ చెయ్యి.

స్టాక్ దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. అక్కడి కంపెనీలు పెట్టే పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజం దాకా, మామూలుగా 13.5 అంగుళాల పైన ఉంటది, ఆరడుగుల మనిషికి సరిపోద్ది. నేను అయిదడుగుల ఆరంగుళాలు, పైగా అక్టోబర్ చివర్లో మూడు పొరలు కోట్లు వేసుకుంటాం, అప్పుడు ఆ పొడవు స్టాక్ భుజాన పెట్టాలంటే కోటు చంకలో ఇరుక్కుంటది, మెడ ముందుకి సాచాలి, కన్ను స్కోప్‌కి అందదు. నేను 13 పెట్టించుకున్నాక ప్రాణం లేచొచ్చింది. మెక్‌మిలన్, మ్యానర్స్ ఇద్దరూ ఆర్డర్‌లో పొడవు అడుగుతారు, తేలిక కార్బన్ ఫిల్ రకాలూ ఉన్నాయి. చెక్క అందంగానే ఉంటది, వానకి మంచుకి ఉబ్బి తడి ఆరాక పాయింట్ మారుద్ది, కొండకి వద్దు. అల్యూమినియం చాసీ (స్టాక్ బదులు వాడే చట్రం) పొద్దున్నే పట్టుకుంటే చెయ్యి అతుక్కుపోయేంత చల్లగా ఉంటది, అదీ వద్దు. ఏ స్టాకైనా పిల్లర్లు (స్క్రూల చుట్టూ లోహపు గొట్టాలు) వేయించి ఎపాక్సీతో బెడ్డింగ్ చేయించు, యాక్షన్ కింద ఎక్కడా ఖాళీ లేకుండా అచ్చు పోసినట్టు కూర్చోవాలి. బెడ్డింగ్ బాగుందో లేదో తెలుసుకోవడం ఎలాగంటే, ముందు స్క్రూ వదులు చేసి బిగిస్తుంటే బ్యారెల్ చివర, స్టాక్ చివర కలిపి వేలు పెట్టి చూడు, వేలికి కదలిక తెలిస్తే మళ్ళీ చెయ్యాలి. డయల్ గేజ్ పెడితే ఇంకా మంచిది, రెండు మూడు థౌల కన్నా ఎక్కువ ఆడకూడదు.

స్కోప్. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేట టైము, ఎల్క్ బయటికి వచ్చేది ఎక్కువగా ఆ రెండు అరగంటల్లోనే, అందుకని గాజు బాగుండాలి. 25 పవర్ (25 రెట్లు పెద్దగా చూపేది) అక్కర్లేదు, 3-15 ధారాళంగా సరిపోద్ది, లూపోల్డ్ విఎక్స్-5హెచ్‌డీ 3-15x44 ఇరవై ఔన్సుల లోపే ఉంటది, నీ తూకానికి సరిపోద్ది. నైట్‌ఫోర్స్ ఎన్‌ఎక్స్8 దెబ్బలకి బాగా తట్టుకుంటది కానీ బరువు. కింద పవర్ మూడో రెండున్నరో ఉండాలి, అడవిలో నలభై గజాల్లో ఎదురుపడితే పెద్ద పవర్‌లో బొచ్చు తప్ప ఏమీ కనపడదు. గురి సర్దే కోణానికి కొలత ఎంఓఏ తీసుకుంటావా మిల్ తీసుకుంటావా నీ ఇష్టం, మనం మీటర్లలో చదువుకున్నవాళ్ళం కాబట్టి మిల్ తలకెక్కడం సులువు, వంద మీటర్లకి ఒక మిల్ అంటే పది సెంటీమీటర్లు, అంతే. బయట తిరిగే టర్రెట్‌కి (గురి సర్దే మీట) తాళం గానీ జీరో స్టాప్ (మొదట సరిచేసిన గురి దగ్గర ఆపే అడ్డు) గానీ ఉండాలి, బ్యాగ్‌కి రాసుకుని తిరిగిపోయిన టర్రెట్ నేను చూశా.

బిగించే పద్ధతి రాస్తా, ఇది నువ్వే చేసుకో. బేస్ అయినా రింగులైనా, స్క్రూ రంధ్రాల్లో నూనె లేకుండా ఆల్కహాల్‌తో తుడువు, బేస్ స్క్రూలకి నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క, అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్ కొను, యాభై అరవై డాలర్లు, రింగు పై స్క్రూలు 15 నుంచి 18, బేస్‌కీ యాక్షన్ స్క్రూలకీ తయారీదారు చెప్పిన అంకె. స్కోప్ నిలువు చూసుకోవడానికి మన మేస్త్రీలు గోడకి వేసే గుండు దారం ఉంది చూడు, అది యాభై అడుగుల దూరంలో వేలాడదీసి రెటికల్ (స్కోప్ లోపలి గురి గీతలు) దాని మీద పడేలా తిప్పు, అంతకన్నా నిఖార్సైన లెవెల్ లేదు. బిగించాక ప్రతి స్క్రూ తల మీద నుంచి పక్కకి సన్నగా పెయింట్ గీత గియ్యి, గీత విరిగితే స్క్రూ కదిలిందని కొండ మీదే కంటికి కనిపిస్తది. నేను ఇప్పటికీ గీత లేని స్క్రూ ఉన్న తుపాకీ ముట్టుకోను.

నీ అయిదు వేలు ఇంచుమించు ఇలా పంచుతా: యాక్షన్ వెయ్యి, పదకొండొందలు, స్టీల్ బ్యారెల్ నాలుగైదొందలు, చాంబరింగ్, ఫిట్టింగ్, బెడ్డింగ్ కలిపి ఎనిమిదొందలు తొమ్మిదొందలు, స్టాక్ ఏడెనిమిదొందలు, ట్రిగ్గర్, రింగులు, ఫ్లోర్‌ప్లేట్ కలిపి అయిదొందలు, స్కోప్ వెయ్యి, పన్నెండొందలు. కింది అంకెల దగ్గర ఆపితే మిగిలేది మొత్తం రౌండ్లకి. ఒకే లాట్ నంబర్ రౌండ్లు పది డబ్బాలు ఒకేసారి కొను, వేసవిలో నూట యాభై కొట్టు, బెంచ్ మీద జీరోకి ఇరవై, మిగతావన్నీ బ్యాగ్ మీద, మోకాలి మీద, వాలులో పడుకుని. జీరో 200 గజాలకి పెట్టుకుంటే 300 దగ్గర ఆరంగుళాలు, 400 దగ్గర అడుగున్నర దిగుద్ది ఇంచుమించు, పది మైళ్ళ పక్కగాలికి 400లో ఎనిమిది అంగుళాలు పక్కకి. కిందకి దిగేది లెక్క కట్టొచ్చు, గాలిని కళ్ళతో చదవాలి, దానికి సాధన తప్ప వేరే దారి లేదు.

చలి సంగతి చెప్పకపోతే మొత్తం చెప్పినట్టు కాదు. ఆగస్టులో మైదానంలో జీరో చేసి అక్టోబర్ చివర కొండ మీద కొట్టడం అంటే మన రెంటచింతల ఎండలో సరిచూసుకుని లంబసింగి చలిలో వాడినట్టు, గన్‌పౌడర్ వేగం మారుద్ది, పలచటి గాలికి బుల్లెట్ దిగడం కూడా మారుద్ది. సీజన్ ముందు రోజు క్యాంప్ ఎత్తులో, పొద్దున్న చలిలో, చల్లని బ్యారెల్‌తో మూడు రౌండ్లు కొట్టి చూసుకో. బోల్ట్ లోపలి నూనె డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసాలాగా చిక్కబడుద్ది, ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తది, ట్రిగ్గర్ లాగినా పేలదు, అందుకని బోల్ట్ విప్పి నూనె పూర్తిగా కడిగేసి పొడి లూబ్రికెంట్ సన్నగా రాయి. రాత్రి తుపాకీని వెచ్చటి టెంట్‌లోకి తేవొద్దు, ఆవిరి పట్టి పొద్దున్నకి గడ్డ కడద్ది, బయటే కప్పి పెట్టు, రౌండ్లన్నీ తీసేసి.

చట్టం గురించి, నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఫెడరల్ లెక్కన కొనడానికి ఇబ్బంది లేదు. ఇది చదివే హెచ్1బీ పిల్లలకి మాత్రం గట్టిగా చెప్తున్నా, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి, ఫ్రెండ్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్ళి పట్టుకున్నా అదే లెక్క, లాయర్‌ని అడక్కుండా చెయ్యి పెట్టొద్దు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డ్ ఉంటేనే లైసెన్స్, క్లాసులు వేసవిలోనే చేసేయ్. 500 చదరపు అంగుళాల ఆరెంజ్ గానీ పింక్ గానీ ఒంటి మీద ఉండాలి, తల మీద టోపీతో సహా.

ఇంకోటి, మనూరు వచ్చేటప్పుడు. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, 1959 ఆయుధాల చట్టం కిందకి పార్టులు, రౌండ్లు కూడా వస్తాయి. వేటకి వాడిన బ్యాగ్‌తో ఇండియా ప్రయాణం చెయ్యొద్దు, అడుగు జేబులో ఒక్క రౌండు మిగిలిపోయినా గన్నవరం ఎయిర్‌పోర్టులో స్కానర్ పట్టేస్తది, కేసు అవుద్ది, పెళ్ళికొచ్చినవాడివి కోర్టు చుట్టూ తిరగాల్సొస్తది. వేట బ్యాగ్ వేరు, ఊరి బ్యాగ్ వేరు పెట్టుకో, ఖాళీ కేసులు కూడా తేవొద్దు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, ఏదీ ఆర్డర్ పెట్టకుండా ముందు మూడు నాలుగు గన్‌స్మిత్‌లకి ఫోన్ చేసి గేజ్ చూపిస్తారా, బెడ్డింగ్ ఎలా చేస్తారు, ఎన్ని నెలలు అని అడుగు, వాళ్ళన్న మాటలు రాసి పంపు. స్టాక్ పొడవుకి నీ చలికోటు వేసుకుని మోచేయి వంచి, మోచేతి మడత నుంచి ట్రిగ్గర్ మీద పెట్టే వేలి మొదటి కణుపు దాకా కొలిచి అది కూడా రాయి, ఎవరన్నా ఫ్రెండ్ చేత కొలిపించు, ఒక్కడివే కొలిస్తే అర అంగుళం తప్పు వస్తది.